మస్కట్ నుంచి వచ్చిన నాలుగు చక్రాలు

నా చేతిలో చక్రం ఎక్కని బండి లేదని కరీంనగర్‌లో నాకొక పేరుండేది. అది ఊరికే వచ్చిన పేరు కాదు, నేను ప్రచారం చేసుకున్నదీ కాదు. సరే, కొంచెం చేసుకున్నాను. ఇప్పుడు షాపు మూసి ఇంట్లో కూర్చున్నా, మోకాళ్లు మొరాయిస్తున్నా, బండ్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఫోన్లో ఫొటోలు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. "తాతా, గీ పాత కారుకు గా అల్లాయ్ చక్రాలు ఎక్కుతయా?" అని అడుగుతారు. కొట్టి గుంజితే ఏదైనా ఎక్కుతుంది నాయనా. ఎక్కాక ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి వాళ్లను కూర్చోబెట్టి ఒక సంగతి చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

నేను పని నేర్చింది ఆసిఫాబాద్‌లో, లారీల కింద పడుకుని. అప్పట్లో ఆ అడవి దారుల్లో బండి ఆగిపోతే సామాను రావడానికి రెండు మూడు రోజులు పట్టేది. అంతసేపు ఎవరాగుతారు? ఒక బండి పట్టీ ఇంకో బండికి, ఒక రకం నట్టు ఇంకో రకం బోల్టుకు, ఉన్నదాంతో సర్ది పంపించేవాళ్లం. "ముందుగాల బండి కదలాలె, మిగతా ముచ్చట టౌన్ల సూస్కుందం" అనేవాడు మా ఉస్తాదు. ఆ సర్దుబాటు విద్యతోనే కరీంనగర్ వచ్చి షాపు పెట్టాను. కానీ ఇక్కడ పక్క వీధిలోనే సరైన సామాను దొరుకుతుంది. ఆ సంగతి మరిచిపోయి టౌనులోనూ అడవిలో ఉన్నట్టే పని చేశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పట్లో ఎవరైనా అని ఉంటే మీదికి పోయేవాణ్ని.

మా షాపు పక్క రేకుల షెడ్డులో లేతు మిషన్ నడిపే భాయ్ ఉండేవాడు. ఇరవై ఏళ్లు పక్కపక్కనే పని చేశాం. ఆయన ప్రతిదీ కొలుస్తాడు. చాయ్‌లో చక్కెర కూడా చెంచా అంచు సమానం చేసి మరీ వేసుకుంటాడు. నేను దేన్నీ కొలవను, చూపుతోనే చెప్పేస్తాను. "నీ కండ్లల్ల స్కేలు పెట్టి పుట్టిచ్చిండు దేవుడు" అని ఆయన ఎగతాళి చేస్తే నేను దాన్ని మెచ్చుకోలు కింద తీసుకునేవాణ్ని.

ఒక ఏడు ఎండలు ముదిరే రోజుల్లో ఒక సోమవారం, పవర్‌లూమ్ మీద పనిచేసే పెద్దాయన ఒకాయన తన పాత కారు వేసుకుని వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ని. ఆ కారు పుట్టినప్పటి నుంచి దాని రోగాలన్నీ నాకు తెలుసు. అది ఇప్పుడెవరూ తయారు చేయని రకం. చక్రానికి నాలుగే బోల్టులు. సాంచాల, అంటే ఆ మరమగ్గాల, మోతకు చెవులు పోగొట్టుకున్న మనిషి కాబట్టి ఇంజన్ ఎంత అరిచినా పెద్దాయన పట్టించుకునేవాడు కాదు. వెనక సీటులో బార్దాను సంచులు పరిచి నాలుగు అల్లాయ్ చక్రాలు తెచ్చాడు. ఒక్కోదాన్ని పసిపిల్లను దించినట్టు కిందికి దించాడు.

"కొడుకు పంపిండు మేస్త్రీ, మస్కట్ కెల్లి. కార్గోల వచ్చినయ్. నలపై దినాలు పట్టింది" అన్నాడు.

ఆయనకు ఒక్కడే కొడుకు. మస్కట్ పోయి మూడో ఏడు నడుస్తోంది. పోయేనాటికి కోడలికి ఆరో నెల. తర్వాత ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను తండ్రి ఫోన్లో చూడటమే తప్ప ఎత్తుకున్నది లేదు. పుట్టువెంట్రుకలు తండ్రి వచ్చాక తీయిద్దామని ఆపారు. ఒక ఏడు ఆపారు, రెండో ఏడు ఆపారు, సెలవు దొరకలేదు. మూడో ఏడు దాటనివ్వకూడదని ఇంట్లో ఆడవాళ్లు పట్టుబట్టారు. మర్నాడు మంగళవారం కొండగట్టు అంజన్న దగ్గర పిల్లకు వెంట్రుకలు తీయించి, కొత్త చక్రాలు వేసిన బండికి పూజ చేయించి, అటునుంచి అటే జగిత్యాల, నిర్మల్ మీదుగా కోడలి తల్లిగారి ఊరు బోథ్ పోవాలని వాళ్ల ప్రయాణం. మనవరాలు, కోడలు, ఇంటావిడ, తాను. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు ఉంటుందని నాకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

చక్రాల వెంట కొడుకు కూడా వచ్చాడు, ఫోన్లో. పెద్దాయన ఫోన్ చెయ్యి చాచి పట్టుకుని నా మొహం మీదికి తిప్పాడు.

"కాకా, మంచిగున్నవా? చక్రాలు ఎట్లున్నయ్ చెప్పు!" అన్నాడు ఆ పిల్లవాడు. నెత్తికి బట్ట చుట్టుకుని ఉన్నాడు, వెనకాల ఎర్రటి ఎండ. "మా బండ్ల యార్డుల ఓ పాత బండికుండె. సేటు పారేస్తనన్నడు, నేను అడుక్కున్న. దినాం డ్యూటీ అయినంక రుద్దిన కాకా. నెల రోజులు రుద్దిన. సూడు మెరుపు!"

మెరుపు నిజమే. వాటిలో నా మొహం కనపడుతోంది. "కొత్త పెండ్లికొడుకు లెక్కున్నయ్ కొడుకా" అన్నాను.

దుబాయి నుంచో మస్కట్ నుంచో సామాను వచ్చే ఇంట్లో మీరు పుట్టి ఉంటే మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ సామాను బాగాలేదని ఆ ఇంట్లో ఎవరూ అనరు. సబ్బు ఒంటికి పడకపోయినా దద్దుర్లు గోక్కుంటూ వాడతారు. పనిచేయని టార్చిలైటును మేకుకు తగిలించి ఉంచుతారు. పంపినవాడు అక్కడ ఏం తిని, ఏం మానుకుని పంపాడో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ చక్రాలు ఆ కారుకు వస్తాయా రావా అని వాళ్లు నన్ను అడగడానికి రాలేదు. వేయించుకోవడానికి వచ్చారు.

ముందు ఎడమ చక్రం జాకీ ఎక్కించి పాత ఇనుప చక్రం విప్పాను. కొత్తది ఎత్తి బోల్టుల మీద పెట్టాను. సగం దాకా పోయి ఆగింది.

ఇక్కడ పని సంగతి ఒక్క ముక్క చెప్పాలి. చక్రానికున్న నాలుగు రంధ్రాలూ ఒక గుండ్రటి గీత మీద ఉంటాయి. ఆ గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంత ఉందో, బండికి ఉన్న బోల్టుల గీత కూడా సరిగ్గా అంతే ఉండాలి. ఆ కారుది తొంభై ఎనిమిది మిల్లీమీటర్లు. ఈ చక్రాలది నూరు. తేడా మరీ ఎక్కువుంటే చక్రం అసలు ఎక్కదు, గొడవే లేదు. రెండు మిల్లీమీటర్లు ఉంది చూశారూ, అది మనిషిని మోసం చేస్తుంది. నట్లు గట్టిగా తిప్పితే చక్రం వచ్చి కూర్చుంటుంది. కానీ నట్టు కొన తన గూట్లో సరిగ్గా కూర్చోదు, ఒక పక్కకు ఒరిగి బోల్టును వంచి పట్టుకుంటుంది. బండి నడిచినకొద్దీ ఆ బోల్టు వంగుతూ, సాగుతూ, ఒకరోజు తెగుతుంది.

ఇదంతా నాకు అప్పుడు తెలియదా? తెలుసు. ముప్పై ఏళ్ల సర్వీసు. చక్రం వెనక పోతలోనే నూరు అని అంకె వేసి ఉంది, అదీ నా కంట్లో పడింది. చేతికి ఆగిన చోట నా మనసూ ఆగింది. పెద్దాయన వైపు చూశాను. చూస్తే ఫోన్ కనపడింది. ఫోన్లో ఆ పిల్లవాడి మొహం.

"ఎక్కుతలేవా కాకా?" అన్నాడు. ఫోన్‌కు ఇంకా దగ్గరికి జరిగాడు.

"ఎక్కకేం జేస్తయ్ కొడుకా! చక్రాలు నీయి, చెయ్యి నాది. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు, ఆకురాయి తీసుకుని రంధ్రాల లోపలి అంచులు అంతంత రాకాను. ఎంత రాకానంటే, కొలవలేదు కాబట్టి చెప్పలేను. వీల్ పానా పెట్టి ఒళ్లంతా మోపి బిగించాను. నాలుగు చక్రాలూ కూర్చున్నాయి. చేత్తో తిప్పి చూస్తే వెనక ఎడమది కొంచెం తల ఊపింది. బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. ఫోన్లో పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. పెద్దాయన పాత ఇనుప చక్రాలను మా షాపులోనే ఒక మూల పెట్టి, నాకు దండం పెట్టి మరీ వెళ్లాడు. ఆ సాయంత్రం అన్నం మంచిగా తిన్నాను, మంచిగా పడుకున్నాను. ఈ కథలో నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గనిపించేది ఆ నిద్రే.

మర్నాడు పొద్దున చాయ్ దగ్గర భాయ్‌కి నా ప్రతాపం చెప్పుకున్నాను. రాని చక్రాలు ఎట్లా రప్పించానో, ఆకురాయి ఎట్లా పట్టానో. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"కొలిచినవా?" అన్నాడు.

"సూపుకే దెలుస్తది గద భాయ్."

ఆయన లేచి పోయి మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ తెచ్చి, మూలనున్న ఇనుప చక్రం పడుకోబెట్టి, ఎదురెదురు రంధ్రాలు కొలిచాడు. రెండోసారి కొలిచాడు. వెర్నియర్ నా కళ్ల ముందు పెట్టాడు. "తొంబై ఎనిమిది. కొత్త చక్రాల మీద ఏమన్న రాసుండెనా?"

"నూరు" అన్నాను.

"ఎవలెవలు పోయిండ్రు బండ్ల?"

చెప్పాను. చంటిపిల్ల అనేసరికి ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఎటు పోతున్నారని అడిగాడు. బోథ్ అన్నాను. అప్పుడు నాకు నిర్మల్ ఘాట్ కళ్ల ముందుకు వచ్చింది. ఆ మలుపుల్లో పక్కనుండే లోయలు, కింది నుంచి బొగ్గు లారీలు, పై నుంచి పత్తి లారీలు. ఆ మలుపుల్లో నేను ఎన్నిసార్లు బండ్లు లేపానో లెక్క లేదు. భయం అంటే అంతకు ముందు నాకు పెద్దగా తెలియదు.

పెద్దాయనకు ఫోన్ చేశాను. బిజీ. మళ్లీ చేశాను. బిజీ. ఎందుకు బిజీయో నాకు తెలుసు. కొడుకు మస్కట్‌లో కూర్చుని బండి పోవడం చూస్తున్నాడు. నిన్న నన్ను గెలిపించిన ఫోనే ఇవాళ నాకు దొరకడం లేదు.

భాయ్‌కి ఇనుప కడ్డీలు మోసే ట్రాలీ ఆటో ఒకటి ఉండేది. నాలుగు పాత చక్రాలు, జాకీ, వీల్ పానా అందులో పడేసి ఇద్దరం బయల్దేరాం. ఆయన నడుపుతుంటే నేను పక్కన కూర్చుని ఫోన్ నొక్కుతూనే ఉన్నాను. గంగాధర ఊరు దాటేదాకా ప్రతి మలుపు దగ్గరా రోడ్డు పక్క పొదల్లోకి చూశాను. జనం గుమిగూడి కనపడితే లేచి తొంగి చూసేవాణ్ని, దగ్గరికి పోతే తాటిముంజలో, మక్కకంకులో. ఆటో ముప్పై ఐదు దాటి పోనంటోంది.

"జర జోర్ పోనియ్ భాయ్" అన్నాను.

"ఇది జోరే" అన్నాడు ఆయన. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "నిన్న నన్ను పిలువకపోతివి? పది అడుగుల దూరంల ఉన్న గద" అన్నాడు.

పిలిస్తే కొలుస్తాడని పిలవలేదు. ఆ మాట పైకి అనకుండా మళ్లీ ఫోన్ నొక్కాను, ఆయనకు అర్థం కాక కాదు.

కొండగట్టు గుట్ట మీద మంగళవారం జనం ఎట్లా ఉంటారో తెలిసిందే. బండ్ల పూజ చేసే చోట కార్లు, ట్రాక్టర్లు, కొత్త మోటర్ సైకిళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నింటి మధ్య మెరుస్తున్న నాలుగు చక్రాలు దూరం నుంచే కనపడ్డాయి. నిలబడి ఉన్నాయి. బండి కింద పడలేదు. అంజన్నా అనుకుని ఆటో ఆగకముందే దిగబోయి పడ్డాను, మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

పూజారి బొట్లు పెట్టేశాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉన్నాయి. పెద్దాయన స్టీరింగ్ ముందు, ఇంటావిడ పక్కన, వెనక ఎడమ పక్క కోడలు, ఒళ్లో గుండు చేయించుకుని నెత్తికి గంధం పూసుకున్న పిల్ల. ఆయన బండి స్టార్టు చేసి నిమ్మకాయలు తొక్కించబోతున్నాడు. నేను పోయి బానెట్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను.

"అరె మేస్త్రీ! నువ్వు సుత దర్శనానికి వచ్చినవా? మంచిగైంది" అన్నాడు పెద్దాయన.

"అన్నా, బండి కదిలియ్యకు. బంద్ చెయ్యి. అందరు దిగుండ్రి."

"ఏమైంది?"

"గీ చక్రాలు మన బండియి కావన్నా. నేను తప్పు జేసిన. దిగుండ్రి ముందుగాల."

ముందు దిగింది కోడలు. పిల్లను భుజాన వేసుకుని బండికి దూరంగా పోయి నిలబడి నా వైపు చూసింది. ఇంటావిడకు కోపం వచ్చింది. "బొట్లు పెట్టినంక, నిమ్మకాయలు పెట్టినంక చక్రాలు ఇప్పుతరా? అపశకునం గాదు?" అంది.

భాయ్ జాకీ మోసుకుంటూ వస్తూ, "అమ్మా, ఇప్పితె అపశకునం గాదు. ఊడితె అపశకునం" అన్నాడు. పూజారి కూడా, "బండికి గద పూజ, ఏ చక్రాలైతె ఏంది, కానియ్యిండ్రి" అన్నాడు. ఆయన వెనక ఇంకా పది బండ్లు ఉన్నాయి మరి.

పెద్దాయన మాత్రం కదల్లేదు. "రేపటికి సదురుకుంటయనుకున్న మేస్త్రీ" అన్నాడు మెల్లగా. "గుట్ట ఎక్కంగ వెనుక కెల్లి జర ఊగింది. కొత్త చెప్పులు కరుస్తయి గద, గట్లనే అనుకున్న. కొడుకు పంపిన చక్రాలాయె, ఏమని అంటం?"

నేను ఆయన ముందు కూర్చుని రెండు మిల్లీమీటర్ల తేడా గురించి చెప్పాను. ఈ మనిషికి ఏం అర్థమవుతుందిలే అని నిన్నంతా నేను అనుకుంటూ వచ్చాను. ఆయన విన్నాడు, విని చాలాసేపు తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"రెండు మిల్లీమీటర్లా? సాంచ మీద రెండు పోగులు తప్పితె బట్ట తాను మొత్తం వాపస్ వస్తది నాకు. నలపై ఏండ్ల సంది గదే పని జేస్తున్న. నాకు జెప్తె సమజ్ కాకపోతుండెనా మేస్త్రీ?"

నా జీవితంలో చాలా మంది చాలా మాటలన్నారు, వెనక్కి ఇచ్చేశాను. ఈ మాటను ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు.

నిమ్మకాయలు పక్కకు తీసి వెనక ఎడమ చక్రం కింద జాకీ పెట్టాను. పానా పెట్టకముందే ఒక నట్టు చేతి వేళ్లకు తిరిగింది. రెండోదీ అంతే. నిన్న ఒళ్లంతా మోపి బిగించినవి. మూడోదానికి పానా పెట్టగానే నట్టుతో పాటు బోల్టు ముక్క కూడా ఊడి చేతిలోకి వచ్చింది. విరిగిన చోట సగం నల్లగా, సగం తెల్లగా ఉంది. నల్లటి సగం వచ్చే దారిలోనే పగిలింది. మిగతా సగం మీదే వాళ్లు గుట్ట ఎక్కారు. ఆ చక్రం పైనే పిల్ల కూర్చుంది.

అప్పుడు కారు లోపలి నుంచి, "కాకా... ఏమైతుంది కాకా?" అని వినపడింది. ఫోన్ ఇంకా స్టీరింగ్ ముందు అద్దానికి ఆనించే ఉంది. పూజ చూద్దామని కూర్చున్న పిల్లవాడు అన్నీ విన్నాడు.

నేను పోయి ఫోన్ తీసుకున్నాను. తీసుకున్నాక బోల్టు ముక్కను దాని ముందు పెట్టాను. యార్డులో పనిచేసే పిల్లవాడు కదా, చూడగానే తెలిసిపోయింది.

"ఏ చక్రం?" అన్నాడు.

"వెనుక ఎడమది."

"బిడ్డ యాడ కూసున్నది?"

కోడలు నా పక్కకు వచ్చి నిలబడింది. జవాబు ఆమే చెప్పింది. తర్వాత ఆమె నన్ను అడిగింది, "మేస్త్రి మామా, గిది నీకు నిన్ననే ఎర్కేనా?"

అబద్ధం చెప్పడానికి అంజన్న గుట్ట మీద నిలబడి ఉన్నానని కాదు గానీ, ఆమె మొహం చూసి చెప్పలేకపోయాను. "అనుమానమొచ్చింది బిడ్డా. నీ పెనిమిటి సూస్తున్నడు గద, రావని జెప్పనీకి నోరు రాలే" అన్నాను.

ఫోన్లో పిల్లవాడు ఆ బోల్టు ముక్కను మళ్లీ చూపించమన్నాడు. తర్వాత, "ఇంక ఎంత దూరం పోతుండె కాకా అది?" అన్నాడు.

"తెల్వది కొడుకా. ఘాట్ దాక పోతుండెనో, పోకపోతుండెనో. నిజంగ తెల్వది."

ఫోన్ ఆగిపోయింది. సిగ్నల్ పోయినట్టుందని పెద్దాయన అన్నాడు. సిగ్నల్ నిండుగా ఉందని మా అందరికీ కనపడుతూనే ఉంది.

విరిగిన బోల్టు మార్చడానికి భాయ్ కిందికి పోయి గంటలో సామాను తెచ్చాడు. నాలుగు పాత ఇనుప చక్రాలు ఎక్కించాం. ఒక్కో నట్టూ నేను బిగించాను, ఆయన చూశాడు. పూజారి మళ్లీ బొట్లు పెట్టాడు, అవే నిమ్మకాయలు పెట్టాడు. ఇంటావిడ వెళ్లేటప్పుడు నాతో మాట్లాడలేదు. కోడలు పిల్లతో నాకు చెయ్యి ఊపించింది. ఎందుకు ఊపించిందో, ఆ మంచితనం నాకు ఇంకా బరువుగానే ఉంది. జగిత్యాలలో ఒకసారి ఆగి నట్లు చూసుకోమని చెప్పాను. పొద్దుగూకే వేళకు పెద్దాయన ఫోన్ వచ్చింది. "బోథ్ అందుకున్నం" అన్నాడు, అంతే. నేను షాపు వెనక్కి పోయి ఏడ్చాను. భాయ్ చూసి చూడనట్టు లేతు ఆన్ చేశాడు, ఆ మోతలో నా ఏడుపు ఎవరికీ వినపడకుండా.

తర్వాత ఈ సంగతి ఊరంతా నేనే చెప్పాను. ఎవరో చెబితే ఇంకా రెండు చక్రాలు ఊడేవి. నా పేరుకు ఏమీ కాలేదు, నిజానికి గిరాకీ పెరిగింది, కాకపోతే అప్పటి నుంచి నేను రోజుకు ఇద్దరికైనా "రావు, వద్దు" అని చెప్పి పంపేవాణ్ని. కొందరు తిట్టి ఇంకో షాపుకు పోయేవాళ్లు. చక్రానికీ బండికీ మధ్యలో ఇనుప పళ్లెం పెట్టి ఆ చక్రాలను ఆ కారుకే సరిగ్గా వేయొచ్చని భాయ్ అన్నాడు, ఆయనకు అది గంట పని. లెక్క వేస్తే చక్రం వేలెడు బయటికి వచ్చి మడ్‌గార్డుకు రాసుకునేట్టుంది. వద్దనుకున్నాం. పెద్దాయన ఆ చక్రాలను ఇంటికి తీసుకుపోలేదు, పారేయమనీ అనలేదు. మా షాపులో గోనెసంచి కప్పుకుని ఉండిపోయాయి.

దసరా అయిపోయిన తర్వాత ఒక రోజు ఆ పిల్లవాడు షాపులోకి వచ్చాడు. ఫోన్లో కాకుండా మనిషిగా. ఫోన్లో కంటే సన్నగా ఉన్నాడు, మెడ నల్లగా కాలి ఉంది. కూతురు అతని మెడ మీద కూర్చుని రెండు చేతులతో జుట్టు పట్టుకుని ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఏమన్నా పడాలని ముందే అనుకుని ఉన్నాను.

"కూసో కాకా" అన్నాడు. తనూ టైర్ మీద కూర్చున్నాడు, పిల్లను దించలేదు. "ఆ దినం ఫోన్ నేనే కట్ జేసిన. నీతోని మాట్లాడుడు ఇష్టం లేక గాదు. చక్రాలు పంపింది నేను గద."

"ఎక్కిచ్చింది నేను కొడుకా."

"ఇద్దరం గలిసి జేసినం తియ్యి." కాసేపు పిల్ల కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. "అంతకు ముందు నెలకొక్క డబ్బ పంపెటోన్ని కాకా. బట్టలో, బొమ్మలో, ఏదో ఒకటి. ఆ దినం కెల్లి ఒక్కటి పంపలే. దుకాణంల బొమ్మ చేతుల పట్టుకుంట. తిప్పి సూస్త. దీంతోని బిడ్డకు ఏమైతదో అనిపిస్తది. మల్ల ఆడనే పెట్టి రూముకు వోత. ఇంట్లోల్లకు చెప్పలే, నీకు జెప్తున్న."

ఏదో ఒకటి అడగాలని, "మరి ఇప్పుడు వచ్చేటప్పుడు బిడ్డకు ఏం తెచ్చినవ్?" అన్నాను.

పిల్ల కాళ్లు వదలకుండానే అతను తల ఎత్తాడు.

"ఏం తేలే కాకా. ఇగ మల్ల పోను. నేనే వచ్చిన."